తొడ మీద తాళం, చెవిలో గిటారు

అగం అనే బెంగళూరు బృందం 2012లో తెచ్చిన మొదటి ఆల్బమ్ పేరు ‘ది ఇన్నర్ సెల్ఫ్ అవేకెన్స్’. అందులో ‘స్వాన్స్ ఆఫ్ సరస్వతి’ అని ఒక పాట ఉంది. పేరు ఇంగ్లీషుది, పాట మాత్రం త్యాగరాజస్వామి వారి ‘బంటురీతి కొలువు’. హంసనాద రాగం కాబట్టి సరస్వతీ హంసలయ్యాయి. కింద డ్రమ్ములు, పక్కన బేస్ గిటారు, పైన రొద పెట్టే ఎలక్ట్రిక్ గిటారు. మా ఉప్పాడలో ఈ పాట కాస్త గట్టిగా పెడితే ఇద్దరు తిడతారు. త్యాగరాజుని పాడు చేశారని పెద్దవాళ్లు, ఇందులో ఊపేదిరా అని కుర్రాళ్లు. రెండు వైపులా తిట్లు తినే సంగీతమంటే నాకు మొదట్నుంచీ మక్కువే. ఈ వారం దాని గురించి, అంతకంటే ఎక్కువగా దాన్ని వినే పద్ధతి గురించి రాస్తాను.

ఇలాంటి సంగీతాన్ని ప్రోగ్రెసివ్ రాక్ అంటారు. 1960ల చివర్లో ఇంగ్లండులో పుట్టింది. అప్పటిదాకా రాక్ పాటంటే మూడు నిమిషాలు, నాలుగు లెక్క, రెండు చరణాలు, మళ్లీ పల్లవి. 1967లో బీటిల్స్ ‘సార్జెంట్ పెప్పర్స్’ వచ్చాక, ఆల్బమ్‌లోని పాటలన్నిటినీ కలిపి ఒకే రచనలా వినిపించవచ్చన్న ధైర్యం మిగతావాళ్లకీ వచ్చింది. 1969 అక్టోబరులో కింగ్ క్రిమ్సన్ అనే బృందం ఐదే ఐదు పాటలతో ఆల్బమ్ వేసింది. అక్కణ్నుంచి పాటలు పొడుగయ్యాయి, లెక్కలు వంకర తిరిగాయి, ఒకే పాటలో నాలుగైదు అంగాలొచ్చాయి, మధ్యలో వేణువులూ ఆర్గన్లూ చేరాయి. విమర్శకులు దీన్ని ఆడంబరమని తిట్టిపోశారు. కొన్ని బృందాల విషయంలో వాళ్లు అన్నది నిజమే.

నా పద్ధతి చెబుతాను. కుర్చీలో కూర్చోను, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటాను. మొదటిసారి మాటలు పట్టించుకోను, చెయ్యి తొడ మీద పెట్టి తాళం వెతుక్కుంటాను. తాళం దొరికిందాకా ఆ పాట బాగుందనీ అనను, బాగోలేదనీ అనను. రెండోసారి రాగమో, స్వరాల కూర్పో చూస్తాను. మాటలు మూడోసారికి. పాటల్ని వాళ్లు పెట్టిన వరసలోనే వింటాను, ఒక్కటీ దాటేయను. ఫోన్‌లో వరస కలిపేసి వినేవాళ్లు ఈ రకం సంగీతం జోలికి రాకపోవడమే మంచిది. నాటకంలో మూడో అంకం ముందు చూసి, తర్వాత మొదటి అంకం చూసినట్టుంటుంది వాళ్ల పని.

ఇది ఎవరో రాక్ పండితుడు చెప్పిన పద్ధతి కాదు. కాకినాడ సరస్వతీ గానసభ కచేరీల్లో ముందు వరసలో కూర్చునే పెద్దల చేతులు చూసి పట్టుకున్నది. వాళ్లు గాయకుడి ముఖం కూడా చూడరు. కళ్లు మూసుకుని, దెబ్బ, మూడు వేళ్లు, దెబ్బ, తిప్పు, దెబ్బ, తిప్పు. మృదంగం వాయించేవాడు ఎంత దూరం తిరిగొచ్చినా సమం దగ్గర, అంటే ఆవర్తం మొదటి దెబ్బ దగ్గర, వాళ్ల చెయ్యి సిద్ధంగా ఉంటుంది. ఆ చేతుల్ని పింక్ ఫ్లాయిడ్ అనే రాక్ బృందం దగ్గరికి తీసుకెళ్తే ఏమవుతుందా అని ఒకసారి అనిపించింది. తీసుకెళ్లాను.

1973లో వచ్చిన పింక్ ఫ్లాయిడ్ ‘మనీ’ పాట ఏడు లెక్కది. నాలుగు లెక్కకి అలవాటుపడ్డ పాశ్చాత్య శ్రోతలకి ఆ రోజుల్లో అదొక వింత. మనకి అందులో వింతేముంది? తకిట తకధిమి అనుకుంటూ చెయ్యి వేస్తే మిశ్రచాపులాగా నడిచిపోతుంది. సాక్సోఫోన్ వాయిస్తున్నంతసేపూ ఏడే నడుస్తుంది, గిటారు విన్యాసం మొదలయ్యేసరికి నాలుగులోకి మారిపోతుంది. ఆ మార్పు చెవి కంటే ముందు చేతికి తెలుస్తుంది. జెనెసిస్ బృందం 1972లో వేసిన ‘ఫాక్స్‌ట్రాట్’ ఆల్బమ్‌లో ‘సపర్స్ రెడీ’ అని దాదాపు ఇరవై మూడు నిమిషాల పాట ఉంది. దాని చివరి భాగానికి ముందు భాగం తొమ్మిది లెక్క. తొమ్మిదంటే మూడు మూళ్లు కాదక్కడ. తకిట, తక, తకధిమి. మూడు, రెండు, నాలుగు. కింద బేస్, డ్రమ్ములు ఆ విరుపు వదలకుండా పట్టుకుని ఉంటే పైన ఆర్గన్ తన దారిన తాను పోతుంటుంది. నాకు ఆ చోటు విన్న ప్రతిసారీ, కచేరీలో మృదంగానికి వదిలేసే తనియావర్తనం గుర్తొస్తుంది. రాక్ అంటే గోల అనేవాళ్లకి ముందు ఆ ముక్క వినిపించి, తాళం వెయ్యమని అడుగుతాను. సగంమంది రెండు ఆవర్తాలు పూర్తికాకుండానే నవ్వేస్తారు. మిగతా సగానికి పట్టుదల వస్తుంది. వాళ్లు నా జట్టు.

ఈ జెనెసిస్ సంగతి ఇంకొంచెం చెప్పాలి. బడి పిల్లలుగా కలిసి మొదలెట్టిన బృందం. మొదటి ఆల్బమ్ 1969లో వచ్చింది. నిర్మాత వాళ్ల వాయింపు మీద వయొలిన్ల బృందాన్ని తెచ్చి పూత పూయించాడు, కుర్రాళ్లకి నచ్చలేదు. పేరు చూసి బైబిలు పాటలనుకుని దుకాణాల వాళ్లు భక్తి విభాగంలో పెట్టారు. ఏడువందల కాపీలైనా పోలేదంటారు. వేరే ఎవరైనా అయితే చదువుల్లోకి వెళ్లిపోయేవారు. వీళ్లు పల్లెటూళ్లో ఒక ఇంట్లో చేరి, చలికాలమంతా సాధన చేసి, 1970లో రెండో ఆల్బమ్ ‘ట్రెస్‌పాస్’ రికార్డు చేశారు. ఆరే పాటలు. ఐదు మెత్తగా, పన్నెండు తీగల గిటార్లతో, వేణువుతో, పొగమంచులో నడిచినట్టు ఉంటాయి. ఆరోది ‘ది నైఫ్’, అదొక్కటీ వీధిపోరాటం. అట్ట బొమ్మ అప్పటికే గీయించేసుకున్నారు, మెత్తటి పాటలకు తగ్గట్టు. కత్తి పాట వచ్చి చేరాక ఆ బొమ్మ సరిపోలేదు. చిత్రకారుడు పాల్ వైట్‌హెడ్ కొత్త బొమ్మ గియ్యలేదు, గీసిన కాన్వాసునే కత్తితో చీరేశాడు. ఆ చీలికతోనే అట్ట అచ్చయింది.

నాకు తొలినాటి ఆల్బమ్‌లు నచ్చేది ఇందుకే. పేరొచ్చాక చేసినవాటిలో బృందానికి తనేమిటో తెలిసిపోయి ఉంటుంది, తనని తాను అనుకరించుకోవడం మొదలెడుతుంది. మొదట్లో రెండు మనసులుంటాయి. ఒక మనసు వేణువు వైపు, ఒక మనసు కత్తి వైపు. దేన్నీ వదులుకోలేక రెండూ పెట్టేస్తారు. సర్దుడు కుదరదు, అతుకు కనిపిస్తుంది. ‘ట్రెస్‌పాస్’ అయ్యీ కాకుండానే గిటారిస్టు ఆంథొనీ ఫిలిప్స్ వేదిక భయంతో బృందం వదిలేశాడు, డ్రమ్మర్ మారి ఫిల్ కాలిన్స్ వచ్చాడు. తర్వాతి ఆల్బమ్‌లు నిస్సందేహంగా గట్టివి. అయినా నేను మళ్లీ మళ్లీ వినేది ఈ అతుకుల బొంతనే.

అగం తొలి ఆల్బమ్‌లోనూ నాకు వినిపించేది అదే. ఉద్యోగాలు చేసుకుంటూ శని ఆదివారాల్లో వాయించుకునే కుర్రాళ్లు. 2007లో ఏ.ఆర్. రెహమాన్ న్యాయనిర్ణేతగా ఉన్న టీవీ పోటీలో గెలిచారు. ఆల్బమ్ రావడానికి ఇంకో ఐదేళ్లు పట్టింది. అంతకాలం కూడబెట్టుకున్నదంతా ఒకేచోట పెట్టాలన్న తాపత్రయం ప్రతి పాటలోనూ తెలుస్తుంది. స్వాతి తిరునాళ్ ధనశ్రీ తిల్లానా, హిందుస్తానీ మల్హార్ మీద ఒక ఆట, పడవ పాట, బ్రహ్మ నాట్యం. గాయకుడు హరీష్ శివరామకృష్ణన్ వయొలిన్ కూడా వాయిస్తాడు. ఎంచి చూస్తే ఇన్ని రకాలు ఒక ఆల్బమ్‌కి ఎక్కువే. రెండు పాటలు తీసేసి ఉంటే బిగి వచ్చేది. ఏ రెండో చెప్పను, మీ లెక్క మీది.

‘బంటురీతి’ దగ్గర కాసేపు ఆగుదాం. రాక్‌లోకి తీసుకెళ్లడానికి త్యాగరాజ కృతుల్లో ఇంతకంటే తగినది దొరకదని నా నమ్మకం. కారణం సాహిత్యంలో ఒకటి, స్వరంలో ఒకటి. సాహిత్యం చూడండి. రాముణ్ని మోక్షం అడగడం లేదు, ఒక భటుడి ఉద్యోగం అడుగుతున్నాడు. మన్మథుడు మొదలుకుని మదం దాకా లోపలి శత్రువుల్ని కొట్టి నేల కూల్చే ఉద్యోగం. ఒళ్లు పులకరించడమే కవచం, భక్తుడన్నదే బిళ్ల, నామమే కత్తి. కవచం, బిళ్ల, కత్తి ఉన్న పాటకి డ్రమ్ములు పెడితే ఎవరికి నష్టం? అదే బృందం తర్వాతి ఆల్బమ్‌లో ‘మనవ్యాలకించ రాదటే’ కూడా చేసింది. అది మనసుని కూర్చోబెట్టుకుని బతిమాలుకునే పాట. బతిమాలుకునేటప్పుడు పక్కన అంత చప్పుడు ఎందుకనిపించింది నాకు. జనానికి మాత్రం అది బాగా నచ్చింది, నా మాట నెగ్గలేదు.

స్వరం సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. హంసనాదం అరవయ్యో మేళకర్త నీతిమతి జన్యం. ఇవాళ పాడే పద్ధతిలో ఐదే స్వరాలు: స రి మ ప ని. గాంధారం లేదు, ధైవతం లేదు. రాక్ గిటారిస్టుల రొట్టె ముక్క పవర్ కార్డ్. అందులోనూ గాంధారం ఉండదు. ఆధార స్వరం, దాని పంచమం, అంతే. షడ్జమం మీద పవర్ కార్డ్ వేస్తే స, ప పలుకుతాయి, రాగానికి చీమ కుట్టదు. పంచమం మీద వేస్తే ప, రి. నిషాదం మీద వేస్తే ని, మ. మూడూ రాగంలోవే. చిక్కు ఎక్కడంటే రిషభం మీద. అక్కడ వేస్తే చతుశ్రుతి ధైవతం వచ్చి పడుతుంది, అది ఇంట్లో లేని మనిషి. ప్రతిమధ్యమం మీద వేస్తే శుద్ధ రిషభం మోగుతుంది, ఇక రాగం చచ్చినట్టే. అంటే గిటారు వాయించేవాడికి ఐదు మెట్లలో మూడే మెట్లు. పోనీ మూడు స్వరాల కార్డులు చూస్తే, ప ని రి కలిపితే చక్కటి మేజర్ కార్డ్, ని రి మ కలిపితే మైనర్. ఇవన్నీ ఎవరో బయటినుంచి తెచ్చి పెట్టినవి కావు, రాగంలోపలే ఉన్నాయి. హార్మోనియం ఉన్నవాళ్లు ఒకటో శ్రుతి పెట్టుకుని నొక్కి చూడండి, రెండు నిమిషాల పని. కర్ణాటక రాక్ అనే పేరుతో తిరిగే సరుకులో ఎక్కువ భాగం ఈ లెక్క చూసుకోకుండా చేసిందే. పైన కృతి దాని మానాన అది నడుస్తుంటుంది, కింద గిటారు ఇంకో రాగం వాయిస్తుంటుంది, దాన్ని ఫ్యూజన్ అంటారు.

తాళం దగ్గర ఇంకో మెలిక ఉంది. ఈ కృతి దేశాదిలో నడుస్తుంది. సమం పడ్డ ఒకటిన్నర అక్షరం తర్వాత ఎత్తుగడ. రాక్ డ్రమ్మర్ అలవాటేమో ఒకటో దెబ్బ మీద బలమంతా పెట్టడం. కాబట్టి ఇలాంటి పాటని ఏ బృందమైనా ఎత్తుకుంటే నేను చూసేది ఒక్కటే. డ్రమ్ముల పెద్ద దెబ్బ తాళం సమం మీద పడుతోందా, ‘బం’ అన్న అక్షరం మీద పడుతోందా? సమం మీద పడితే మాట గాలిలోంచి వచ్చి వాలినట్టుంటుంది, త్యాగరాజు ఉద్దేశించిన తొందర దక్కుతుంది. అక్షరం మీద పడితే పాట చక్కగా, సాపుగా, సినిమా పాటలా అయిపోతుంది. అగం వాళ్లు ఏం చేశారో నేను చెప్పేస్తే మీరు తొడ మీద చెయ్యి వెయ్యరు.

మా వీధిలో ఒక బాబాయ్ ఉన్నారు. జాందానీ మగ్గం మీద పుట్టి పెరిగిన మనిషి, భజన గోష్ఠిలో తాళాలు ఆయనవే. ఉప్పాడ నుంచి రాస్తున్నాను కదా, ఇక్కడ నేతకీ సంగీతానికీ ఒక పోలిక వస్తుందని మీరు ఎదురు చూస్తుంటారు. రాదు. ఆ పోలిక ఇప్పటికే చాలామంది నేసేశారు. ఆయనకి పాట వినిపించానని మాత్రం చెబుతున్నాను. గొంతు రాకముందే, నాలుగు స్వరాలకే, “హంసనాదంలా ఉందేంట్రా అబ్బాయ్?” అన్నారు. పల్లవి వచ్చాక చేతిలో పని ఆపి తాళం పట్టుకున్నారు. రెండు ఆవర్తాలు తప్పింది, మూడోదానికి దొరికింది.

“బానే కొడుతున్నాడ్రా డ్రమ్ములవాడు. గట్టివాడే. కానీ మాట ఏదీ? ఆ కవచం మాట దగ్గర గిటారు తగ్గొద్దూ?”

“రాక్‌లో అంతే బాబాయ్, గొంతు కూడా ఒక వాయిద్యమే.”

“వాయిద్యమైతే సాహిత్యం ఎందుకురా, తనననా అనుకోమను. త్యాగయ్య గారు కూర్చుని అన్నేసి మాటలు ఎందుకు రాసినట్టు?”

నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే ప్రతి అక్షరమూ వినిపిస్తుంది. ఫోన్ స్పీకర్లో, అందులోనూ సముద్రం హోరు పక్కన, మాట సగం మునిగిపోతుంది. ఇక్కడ అల గోడ దాటి రోడ్డు మీద పడే రోజుల్లో బేస్ గిటారు ఉందో లేదో కూడా తెలియదు. తెలుగు రాని శ్రోతకి ఇది సమస్యే కాదు. మాట తెలిసిన మనకే బాధ. ఆ బాధ పడే హక్కు, ఆ కృతి మన భాషలో ఉంది కాబట్టి, మనకే ఉంది.

విద్యుత్తు గిటారుకీ మన సంగీతానికీ కుదరదు అనేవాళ్లకి డెల్టాలోనే ఒక జవాబుంది, పాలకొల్లులో. 1969 ఫిబ్రవరి 28న అక్కడ పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్, అంటే మన మాండొలిన్ శ్రీనివాస్. నాన్న క్లారినెట్ వాయించేవారు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండొలిన్ రాదు. ఆయన పాడితే, పిల్లవాడు విని తీగ మీద పలికించేవాడు. మాండొలిన్‌కి ఉండే జంట తీగలు గమకానికి అడ్డమని తీసేసి, ఒంటి తీగలు ఐదు పెట్టుకుని, కరెంటుకి తగిలించాడు. 1978లో గుడివాడలో తొలి కచేరీ. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో ఆ కుర్రాడు త్యాగరాజుని వాయిస్తే జాజ్ జనం కూర్చుని విన్నారు.

ఇప్పుడు ఆ ‘ట్రెస్‌పాస్’లో పాడిన కుర్రాడి దగ్గరికి రండి. పేరు పీటర్ గేబ్రియల్. 1975లో జెనెసిస్‌ని వదిలేశాడు. తర్వాత ప్రపంచ సంగీతాల కోసం ఒక స్టూడియో కట్టి, 1989లో రియల్ వరల్డ్ అనే రికార్డుల సంస్థ పెట్టాడు. ఆ సంస్థే 1994లో శ్రీనివాస్‌తో ‘రామ శ్రీరామ’, 1995లో శ్రీనివాస్, గిటారిస్టు మైకేల్ బ్రూక్‌లతో ‘డ్రీమ్’ ఆల్బమ్‌లు వేసింది. మొదటిది శుద్ధ కర్ణాటకం. రెండోది పొడవైన కొద్ది పాటలతో, పొరలు పొరలుగా, ప్రోగ్రెసివ్ రాక్ విన్న చెవికి వెంటనే చుట్టరికం తెలిసేలా ఉంటుంది. ఏడువందల కాపీలైనా అమ్మలేకపోయిన బృందం గాయకుడు పాతికేళ్లకి పాలకొల్లు తీగని లోకానికి వినిపించాడు. నాకు ‘డ్రీమ్’ అంత గొప్పగా అనిపించదు, నిజం చెప్పాలంటే. శ్రీనివాస్ అందులో అతిథిలా, మర్యాదగా వాయించాడు. ఆయన పంజా చూడాలంటే కచేరీ రికార్డులే వినాలి. 2014 సెప్టెంబరు 19న, నలభై అయిదేళ్లకే వెళ్లిపోయాడు.

పొడుగ్గా, కథ చెప్పినట్టుగా వాయిద్యంతోనే నడిపే అలవాటు కూడా మనకి ఇంగ్లండు నుంచి రాలేదు. ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి గారు వీణతో కొండ ఎక్కించారు, ‘ఆదర్శ శిఖరారోహణం’ అని. ఆయన శిష్యుడు, కాకినాడలో పుట్టిన చిట్టిబాబు గారు వీణ మీద కోయిలను కూయించారు. మా పక్కనే పిఠాపురం కోటలో తుమరాడ సంగమేశ్వరశాస్త్రి గారి వీణ విని టాగూరు అంతటివాడు మురిసిపోయాడు. ఈ ముగ్గురి పేర్లూ తెలియకుండా పింక్ ఫ్లాయిడ్ బొమ్మ ఉన్న టీషర్టు వేసుకుని బీచ్ రోడ్డు మీద తిరిగే కుర్రాళ్లంటే నాకు కోపం లేదు. పింక్ ఫ్లాయిడ్ పేరు వినగానే మొహం తిప్పేసే సభల పెద్దలంటేనే కాస్త చిరాకు.

తీర్పు అడుగుతారేమో. అగం తొలి ఆల్బమ్ గొప్పది కాదు, ముఖ్యమైనది. ఎక్కువ సరుకు, తక్కువ ఖాళీ. వాళ్లు వేదిక మీద ఇంకా బాగుంటారు. అయినా ఒక తెలుగు కృతిని మూడు మెట్ల గిటారు మీద ఎంత దూరం తీసుకెళ్లవచ్చో వినాలంటే మొదలెట్టవలసింది అక్కడే.

కాకినాడ ఇంజనీరింగ్ కాలేజీల్లో గిటారు పట్టుకున్న కుర్రాళ్లకి ఒక మనవి. ఏడు లెక్క కోసం ఇంగ్లండు దాకా వెళ్లకండి. క్షేత్రయ్య పదాల్లో చాలా వాటిది ఏడు లెక్కే, త్రిపుట తాళం, నెమ్మది నడక. రాక్‌లో ఇంకా ఎవరూ సరిగ్గా చెయ్యి పెట్టని గని అది. ఒక పదం తీసుకోండి, ఎవరైనా పెద్దవాళ్ల దగ్గర కూర్చుని అర్థం తెలుసుకోండి, ఆ తర్వాత డ్రమ్ములు పెట్టండి. మాట వచ్చిన చోట గిటారు తగ్గించండి. ఆల్బమ్ వేస్తే సాహిత్యం అట్ట మీద తెలుగులో, మా బాబాయ్‌కి కళ్లజోడు లేకుండా కనిపించేంత పెద్ద అక్షరాల్లో అచ్చు వేయించండి.